‘కెనాలైజేషన్’: ఒక మాట, నాలుగు ప్రశ్నలు

కొన్ని ఇంగ్లీషు మాటలు మన పాఠ్యపుస్తకాల్లోకి ఒక వేషంతో వచ్చి, పరీక్షలు అయ్యేలోగా నాలుగు వేషాలు మారుస్తాయి. ‘కెనాలైజేషన్’ అలాంటి మాట. జంతుశాస్త్రం మేడమ్‌ను అడిగితే అది పిండం పెరిగే తీరుకు సంబంధించిన సిద్ధాంతం అంటారు. వృక్షశాస్త్రం మాస్టారు ఆకులో ఈనె ఎలా పుడుతుందో చెప్పే ఊహ అంటారు. ఎకనామిక్స్ మిత్రుడు దిగుమతుల విధానం అంటాడు. మెడికల్ కాలేజీలో చదివే స్నేహితురాలు దానికి ముందు ‘రీ’ తగిలించి ఆపరేషన్ పేరు చేస్తుంది. ఇంజనీరు దృష్టిలో అది వంకర ఏటిని తిన్నగా చేయడం. మా మైపాడులో ఏ పెద్దాయననైనా అడగండి: “అంత పెద్ద మాటెందుకు నాయనా, కాలువ తీయడమే గదా!” అంటాడు.

నా ఉద్దేశంలో వీళ్ళందరిలోనూ సరిగ్గా చెప్పింది ఆ పెద్దాయనే. ఏ శాస్త్రంలో వాడినా ఆ మాట చెప్పే పని ఒకటే. ఇష్టమొచ్చినట్టు పారే దాన్ని ఒక దారిలో పెట్టడం. ఆ పారేది నీరు కావచ్చు, సరుకు కావచ్చు, రక్తం కావచ్చు, మనిషి ఆకలి కావచ్చు, చివరికి మన చదువు కావచ్చు. పని ఒకటే అయినప్పుడు అడగవలసిన ప్రశ్నలూ ఒకటే కావాలి. కాలువ కింద సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ ప్రశ్నలు ఎవరూ నేర్పనక్కర్లేదు. కాలువకు తల ఎక్కడ? తూము తలుపు ఎవరి చేతిలో ఉంది? తోక దాకా నీరు అందుతుందా? ఎక్కువైన నీరు పోవడానికి కలుజు ఉందా? ఈ నాలుగూ అడగకుండా ‘కాలువే అభివృద్ధి’ అనేవాళ్ళూ, ‘ఏటిని దాని మానాన వదిలేయండి’ అనేవాళ్ళూ ఇద్దరూ సగం మాటే చెబుతున్నారని నా అభిప్రాయం.

*

ముందు మా మట్టితోనే మొదలుపెడతాను. పెన్నకు నెల్లూరు దగ్గర 1855లో ఆనకట్ట కట్టారు. 1880ల్లో దానికి ఎగువన సంగం దగ్గర మరొకటి లేచింది. ఆ తూముల నుంచి దిగిన కాలువలే ఈ డెల్టాను డెల్టా చేశాయి. అంతకుముందు ఇక్కడ నీరు లేదని కాదు. ఉన్న నీరు ఎప్పుడొస్తుందో, వస్తే ఎటు పోతుందో తెలియదు. కాలువ వచ్చాక రైతు పంచాంగంతోపాటు నీరు వదిలే తేదీ కూడా చూసుకోవడం నేర్చాడు. 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయం వెనక నిలబడ్డాక ఎడగారు పంట మీద కూడా ఆశ పుట్టింది. 2022 సెప్టెంబరులో సంగం దగ్గరా, నెల్లూరు దగ్గరా కొత్త బ్యారేజీలు పాత ఆనకట్టల పనిని అందుకున్నాయి. ఇందులో చిన్నచూపు చూడదగ్గది ఏదీ లేదు. నేను ఈ కాలేజీ మెట్లు ఎక్కానంటే ఆ కాలువ నీటి చలవే.

ఐతే తల ఉన్న ప్రతిదానికీ తోక ఉంటుంది. ఇందుకూరుపేట మండలంలో, సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరు కాలువ తోక. పేపరు భాషలో ‘శివారు ఆయకట్టు’. నీరు వదిలారన్న కబురు మాకు నీటికంటే చాలా ముందే చేరుతుంది. ఎగువన నాట్లు పడుతుంటే మా నాయన ఇంకా గెనిమ మీద నిలబడి కాలువ అడుగు చూస్తుంటాడు. మధ్యలో గుర్రపుడెక్క ఉంటుంది, పూడిక ఉంటుంది, రాత్రిపూట ఎవరో అడ్డం వేసిన గడ్డిమోపు ఉంటుంది. ఆ మోపు వేసినవాడు చెడ్డవాడని నేను అనను. వాడి కయ్య కూడా ఎండుతూనే ఉంటుంది. తోక దాకా చేరే ఏర్పాటు లేని కాలువ మనుషుల్ని దొంగల్ని చేస్తుంది, అంతే.

రెండో ప్రశ్న తూము తలుపుది. 1997లో మన రాష్ట్రంలో సాగునీటి నిర్వహణను రైతుల చేతికి ఇచ్చే చట్టం వచ్చింది. ఊరూరా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. దేశంలో చాలామంది ఆ చట్టాన్ని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకుంటాను. కాని ఒక్క అనుమానం. తలుపు తాళం రైతుకు ఇచ్చినప్పుడు ఏ రైతుకు ఇచ్చినట్టు? తల దగ్గర పది ఎకరాలున్న ఆసామికా, తోక దగ్గర ఎకరా కౌలుకు చేసేవాడికా? ‘రైతులు’ అన్న బహువచనంలో శివారు రైతు తరచుగా మునిగిపోతాడు.

నాలుగో ప్రశ్న కలుజుది. నెల్లూరు సీమలో చెరువు కట్టినవాడు ముందు కలుజు ఎక్కడ పెట్టాలో చూసుకున్నాడు. నిండినప్పుడు నీరు పోయే దారి ఉంచకపోతే కట్ట తెగుతుందని వాడికి తెలుసు. ఈ తెలివి మనకు మురుగుకాలువల దగ్గర తక్కువైంది. 1990లలో ఈ తీరంలో వరి కయ్యలు రొయ్యల గుంటలు అవుతూ వచ్చాయి. గుంటలోకి నీరు ఎలా తేవాలో అందరూ ఆలోచించారు. వాడిన ఉప్పునీరు, మందునీరు ఎటు పోవాలో ఆలోచించినవారు తక్కువ. అది పంట కాలువలో కలిసిందంటే పక్క కయ్య చవిటిబారుతుంది. తీరంలోని రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు ఒక చట్టం, ఒక ప్రాధికార సంస్థ వచ్చాయి. రొయ్య వద్దని నేననను. దానివల్ల బాగుపడ్డ ఇళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి. కలుజు లేని గుంట వద్దంటాను.

*

మా తీరం వెంబడే ఇంకో కాలువ ఉంది. దాని నీళ్ళు పంటకు పనికిరావు, పడవకు పనికొస్తాయి. అదే బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా మొదలై, మెట్లు మెట్లుగా ఉత్తరానికి సాగి, ప్రకాశం సీమలోని పెదగంజాం దాకా వచ్చింది. 1876-78 నాటి గొప్ప కరువులో, మద్రాసు ఊరి లోపల అడయారుకూ కూవానికీ మధ్య ఉన్న వెలితిని కరువు కూలీల చేత తవ్వించి కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. తట్టలు మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఈ కాలువ మీద చాలాకాలం బియ్యం, ఉప్పు, కట్టెలు పడవల్లో మద్రాసుకు పోయాయి. రైలు వచ్చింది, తర్వాత లారీ వచ్చింది. 1965, 66 తుఫానులు మిగిలిన పని పూర్తి చేశాయి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో ఒక భాగంగా ప్రకటించారు. ప్రకటన నీటి మీద కాగితం పడవ లాగా తేలుతూనే ఉంది. పడవలు మాత్రం తేలడం లేదు.

ఇక ఇందులోని విచిత్రం వినండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఎవరి లెక్కలోనూ లేని ఈ పాత కాలువ ఒడ్డు దాటి వచ్చిన నీటిని చాలాచోట్ల తనలోకి తీసుకుని, మళ్ళీ సముద్రంలోకి జారవిడిచింది. ఆంధ్ర తీరంలో ఈ కాలువ జనాన్ని కాపాడిందని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులొకరు మరుసటి సంవత్సరమే ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారు. సరుకు కోసం తవ్విన కాలువ చివరికి కలుజుగా పనిచేసిందన్నమాట! పూడిపోయింది గదా, ఆక్రమించుకుంటే ఏమిటి అనేవారు ఈ సంగతి మరచిపోకూడదు.

ఆ సునామీతోనే ఈ మాటకు మరో అర్థం మన తీరానికి వచ్చింది. వైద్యంలో మూసుకుపోయిన నాళాన్ని మళ్ళీ తెరవడాన్ని ‘రీకెనాలైజేషన్’ అంటారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారికి తిరిగి పిల్లలు పుట్టేలా చేసే శస్త్రచికిత్సకూ అదే పేరు. నాగపట్నం వైపు సునామీలో ఉన్న బిడ్డలందరినీ పోగొట్టుకున్న తల్లులు, అంతకుముందే ఆపరేషన్ చేయించుకుని ఉన్నారు. వాళ్ళ కోసం తమిళనాడు ప్రభుత్వం ఈ రీకెనాలైజేషన్‌ను ఉచితంగా చేయించే ఏర్పాటు చేసింది. ‘ఇద్దరు చాలు’ అని చెప్పి దారి మూసినప్పుడు, ఆ ఇద్దరూ ఒకే ఉదయం పోతారని ఎవరు అనుకున్నారు? మూసే ప్రతి దారికీ మళ్ళీ తెరిచే వీలు ఉంచాలన్న నాలుగో ప్రశ్న ఇక్కడ ఎంత బరువైనదో చూడండి.

*

ఇప్పుడు ఎకనామిక్స్ మిత్రుడి దగ్గరికి వద్దాం. స్వాతంత్ర్యం తర్వాత కొన్ని సరుకులను ఎవరంటే వారు దిగుమతి చేసుకోకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే తేవాలని నిర్ణయించారు. 1956లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్, 1963లో ఖనిజాలు, లోహాల వ్యాపార సంస్థ పుట్టాయి. అలా ఒకే ద్వారం నుంచి వచ్చే సరుకును ‘కెనలైజ్డ్’ సరుకు అన్నారు. ఎరువులు అందులోవే. 1992లో ఆర్థిక సంస్కరణల ఊపులో డి.ఎ.పి.ని ఆ జాబితా నుంచి తీసేశారు. యూరియా మాత్రం ప్రభుత్వ ఖాతాలోనే ఉండిపోయింది.

ఫలితం మా కయ్యలో కనబడుతుంది. 2021, 22లలో ప్రపంచ మార్కెట్లో యూరియా ధర ఆకాశానికి ఎగిరినప్పుడు, 45 కిలోల బస్తాకు మా నాయన ఇచ్చిన ధర మారలేదు. అది ద్వారం చేసిన మేలు. 2025 ఖరీఫ్‌లో అదే యూరియా కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రైతులు చెప్పులు వరుసపెట్టి ఎదురుచూశారు. ఒకటే ద్వారమైతే అక్కడ ఆలస్యం అందరికీ ఆలస్యం. అది ద్వారం చేసిన కీడు. మరి ద్వారం తీసేస్తే బాగుపడతామా? 1992 తర్వాత భాస్వరం, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా చవకగా మిగిలింది. రైతు చవకదాన్నే చల్లాడు. నేల సమతూకం చెడింది. కాలువ ఉంచడమా, పూడ్చడమా అన్న వాదంలో రెండు పక్షాలవాళ్ళూ గెలుస్తున్నారు, కయ్య ఓడిపోతోంది. అడగవలసింది వేరే. సరుకు ఎప్పుడు రేవుకు వచ్చింది, ఎప్పుడు గోడౌనుకు చేరింది, తోక చివరి ఊరికి ఎన్ని బస్తాలు అందాయి అన్న లెక్క రైతుకు కనబడుతోందా?

ఏటిని తిన్నగా చేసే ఇంజనీరు పాఠానికి అమెరికాలో ఒక మంచి ఉదాహరణ ఉంది. ఫ్లారిడాలో కిస్సిమ్మీ అనే నది మెలికలు తిరుగుతూ 166 కిలోమీటర్లు పారేది. వరదల భయంతో 1962 నుంచి 1971 దాకా పని చేసి దాన్ని 90 కిలోమీటర్ల తిన్నని కాలువ చేశారు. వరద తగ్గింది. దానితోపాటు చిత్తడి నేలలు, పక్షులు, చేపలు తగ్గాయి. చివరికి 1992లో మళ్ళీ మెలికలు పెట్టాలని చట్టం చేసి, 1999లో తవ్వకం మొదలుపెట్టి, 2021లో ముగించారు. తిన్నగా చేయడానికి తొమ్మిదేళ్ళు, వంకరగా చేయడానికి ఇరవై రెండేళ్ళు! అదే 2021 నవంబరులో మన పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మనం కట్టిన గట్లను అది ఎరగదు.

*

సైన్సు విద్యార్థిని గనుక నా సబ్జెక్టును చివరికి ఉంచాను. 1942లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వాడింగ్టన్ ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పిండం పెరిగేటప్పుడు వేడి, చలి, జన్యువుల్లో చిన్న చిన్న తేడాలు ఎన్ని ఉన్నా, దాదాపు ఒకే రూపానికి ఎలా చేరుతుందన్నది అతని ప్రశ్న. పెరుగుదల కాలువ కట్టుకుని ఉంటుంది, అందువల్ల చిన్న కుదుపులకు గట్టు దాటదు అన్నది అతని జవాబు. 1957లో తన పుస్తకంలో దానికొక బొమ్మ వేయించాడు. కొండ వాలు మీద లోయలు, పైన ఒక బంతి. బంతి ఏ లోయలో దిగితే ఆ లోయ వెంటనే పోతుంది.

ఇక్కడిదాకా పాఠం. అసలు రుచి తర్వాత ఉంది. 1953లో అతను పండు ఈగల ప్యూపాలను నాలుగు గంటలు 40 డిగ్రీల వేడిలో ఉంచాడు. కొన్ని ఈగల రెక్కల్లో అడ్డు ఈనె లేకుండా పోయింది. అలాంటి వాటినే తరం తర్వాత తరం ఎంచి పెంచితే, చివరకు వేడి తగలకుండానే ఆ లక్షణం గల ఈగలు పుట్టాయి. అంటే ఆ భేదం కొత్తగా రాలేదు. కాలువ అడుగున కనబడకుండా ఉండిపోయింది, కుదుపుకు బయటపడింది. 1998లో రూథర్‌ఫర్డ్, లిండ్‌క్విస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞురాళ్ళు హెచ్.ఎస్.పి.-90 అనే ప్రోటీను తగ్గితే ఈగల్లో అలా దాగి ఉన్న తేడాలు ఎన్నో పైకి వస్తాయని చూపారు. ఒకేలా కనబడే ఈగలన్నీ లోపల ఒకేలా లేవు. ఈ వాక్యంలో ‘ఈగలు’ తీసి ‘విద్యార్థులు’ అని పెట్టి చూడండి.

వృక్షశాస్త్రంలో కథ తలకిందులు. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు శాక్స్ 1969 నుంచి బఠాణీ మొలకల మీద పనిచేసి ఒక ఊహ చెప్పాడు. ఆక్సిన్ అనే హార్మోను ఏ కణాల గుండా కాస్త ఎక్కువగా పారుతుందో ఆ కణాలు దాన్ని మరింత బాగా పారనిస్తాయి. చివరకు అదే ఈనెగా, నాళంగా స్థిరపడుతుంది. ఇక్కడ కాలువ తవ్విన ఇంజనీరు లేడు. పారుదలే తన కాలువను తవ్వుకుంది. కాండానికి గాటు పెడితే గాటు పక్కనుంచి కొత్త నాళం ఏర్పడుతుంది.

మనస్సుకూ ఇదే మాట వాడారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గార్డ్‌నర్ మర్ఫీ, యునెస్కో తరఫున 1950లో మన దేశానికి వచ్చి మతవిద్వేషాలను గురించి అధ్యయనం చేసినవాడు. ఏ కోరిక ఏ రీతిగా తీరుతూ వస్తుందో, ఆ రీతికే అలవాటు పడుతుందని ఆయన చెప్పాడు. ఆకలి అందరికీ ఒకటే. మా జేజికి మాత్రం మొలగొలుకుల అన్నం, చేపల పులుసు అయితేనే అది ఆకలి. రుచి విషయంలో ఇది ముచ్చటే. కులం, మతం విషయంలో కూడా మన మనసులు ఇలాగే చిన్ననాడే కాలువ కట్టుకుని ఉంటాయన్నది ముచ్చట కాదు.

*

మిత్రులారా, ఇప్పుడు మన సంగతి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోగా పదిహేనేళ్ళ పిల్లవాణ్ణి ఎం.పి.సి. అనో, బైపి.సి. అనో ఒక తూములోకి వదులుతాం. అక్కడినుంచి రెండేళ్ళు సిమెంటు గట్లు. చివర ఒక పోటీ పరీక్ష. దాటినవాడు తల, దాటనివాడు తోక. నేను బి.యస్సీ.లో చేరానంటే మా బంధువులు “పోనీలేరా అబ్బయ్యా” అన్నారు, నేనేదో కాలువ తెగి బయటపడ్డ నీరయినట్టు. ఈ కాలువకు తలుపు తాళం ఎవరి దగ్గరుంది? తండ్రి దగ్గరా, కోచింగు సెంటరు దగ్గరా, విద్యార్థి దగ్గరా? తప్పు కాలువలో పడ్డానని పదిహేడో ఏట తెలుసుకున్నవాడు పక్క కాలువలోకి మళ్ళడానికి కలుజు ఏదీ? గ్రామాల్లోని చిన్న కాలేజీలు, అంటే ఈ వ్యవస్థకు శివారు ఆయకట్టు, ల్యాబులో ఎంత నీరు అందుకుంటున్నాయి?

కాలువ అసలే వద్దనడం నా ఉద్దేశం కాదు. గట్లు లేని నీరు బురద చేస్తుంది తప్ప పంట పండించదు. క్రమశిక్షణ లేని చదువూ అంతే. కాని గట్టు ఎంత ముఖ్యమో తూమూ, కలుజూ అంత ముఖ్యం. వాడింగ్టన్ ఈగల్లో దాగినట్టే మనలోనూ బయటపడని తేడాలు ఎన్నో ఉన్నాయి. అవి బయటపడటానికి ఉపద్రవమే రానక్కర్లేదు. కాస్త సందు చాలు.

అందుకు మన విద్యార్థి సంఘానికి ఒక సూచన చేసి ముగిస్తాను. ప్రతి సంవత్సరం పంట కాలంలో మూడు రోజులు, సైన్సు, ఆర్ట్సు, కామర్సు విద్యార్థులం కలిసి పెన్నా కాలువలలో ఒకదాని వెంట తల తూము నుంచి తోక కయ్య దాకా నడుద్దాం. కెమిస్ట్రీవాళ్ళు ఉప్పు కొలవనీ, బోటనీవాళ్ళు గుర్రపుడెక్క లెక్కపెట్టనీ, ఎకనామిక్స్‌వాళ్ళు ఎరువు బస్తా ఏ ఊరికి ఏ రోజు చేరిందో రాయనీ, తెలుగు శాఖవాళ్ళు కాలువ మనుషుల మాటలు సేకరించనీ. తూము, కలుజు, కయ్య, గెనిమ, ఎడగారు లాంటి మాటలు మన పరిభాషా నిఘంటువుల కంటే చాలా విషయాలు చెబుతాయి. వచ్చిన లెక్కలను వచ్చే ఏడు ఈ సంచికలోనే అచ్చు వేద్దాం. ఒక ప్రతిని కాలువ అధికారులకూ, ఒక ప్రతిని శివారు పంచాయతీలకూ పంపుదాం. ఖర్చు పెద్దదేమీ కాదు. బస్సు చార్జీలు, సద్దిమూటలు. వార్షికోత్సవంలో మైకుసెట్టుకు పెట్టే డబ్బుకన్నా తక్కువే అవుతుంది.

నీరు తనంతట తాను తోకకు చేరదు. ఎవరో ఒకరు కాలువ వెంట నడవాలి.

— ఆఖరి సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి, మైపాడు